బాలింత గదిలో నాన్నకూ పని ఉంది

సిరోంచలో ఒక ఇంట్లో బిడ్డ పుట్టిందంటే మూడు భాషల్లో సలహాలు వచ్చి పడతాయి. మా ఊరు ప్రాణహిత ఒడ్డున ఉంది. వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. జిల్లా మాత్రం మహారాష్ట్రలోని గడ్చిరోలి, కాబట్టి బడి, ఆఫీసు, ఆసుపత్రి మరాఠీలో నడుస్తాయి. ఇంట్లోనూ బజార్లోనూ తెలుగు. అడవి వైపు ఊళ్లలో మాడియా, గోండి. మా ఇంట్లోనే రెండు భాషలు. మా అవ్వ, అంటే మా అమ్మ, పుట్టిల్లు మహదేవపూర్ వైపు, నా భార్యది ఆలాపల్లి దగ్గరి మరాఠీ కుటుంబం. మా వాడకు వచ్చే ఆశా కార్యకర్త మాడియా తెగ ఆమె, మేం ఆశా తాయి అంటాం. అవ్వ, మా అత్తమ్మ, ఆశా తాయి, ఈ ముగ్గురి చేతుల మీదా పిల్లలు పెరిగారు. బాలింతకు ఏం పెట్టాలి, బిడ్డకు ఏం తాగించాలి, నీళ్లు ఎప్పుడు పోయాలి అన్న ప్రతి విషయంలోనూ ముగ్గురికీ మూడు దారులు.

ఒక్కదాంట్లో మాత్రం మూడు దారులూ కలిశాయి. ఆ గదిలో మగవాడికి పని లేదన్నారు.

మా పాప నెలలు నిండకముందే పుట్టింది. ముప్పై మూడో వారం, బరువు 1,700 గ్రాములు. నెలలు తక్కువ బిడ్డను ఇంట్లో ఎలా చూసుకున్నామో, అందులో నా వంతు ఏమిటో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మా వైపు తెలుగువాళ్లలో ఈ సంగతులు ఆడవాళ్ల మధ్యే ఉండిపోతాయి. మగవాళ్లకు చెప్పేవాళ్లు లేరు, అడిగే మగవాళ్లూ తక్కువే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్న పట్టింపు మనకెంత ఉందో మరాఠీవాళ్లకూ అంతే ఉంది. అందుకే ఏడో నెలలో నా భార్యను ఆలాపల్లి తీసుకెళ్లారు. వెళ్లిన కొద్ది రోజులకే నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సులో ఒక పెద్దాసుపత్రికి చేర్చేసరికి నేను సిరోంచ నుంచి బండి మీద బయల్దేరి ఇంకా అడవి దారిలోనే ఉన్నాను. వర్షాకాలం. ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. నేను వెళ్లేటప్పటికి పాపను నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో, వార్మర్ కింద పడుకోబెట్టారు. అద్దంలోంచి చూశాను. నా అరచేతి నుంచి మోచేయి దాకా ఉంటుందేమో, అంతే.

నెలలు నిండని బిడ్డకు ఊపిరి, పాలు, ఇన్‌ఫెక్షన్ ఇవన్నీ సమస్యలే. ఇంటివాళ్ల చేతిలో ఉన్నది ముఖ్యంగా వెచ్చదనం. చర్మం కింద కొవ్వు ఉండదు, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, అందుకని ఒంట్లో వేడి నిలవదు. చంకలో పెట్టి చూస్తే 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే బిడ్డ తాగిన పాలన్నీ ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చయిపోతాయి, బరువు పెరగదు. ఇంకా తగ్గితే ప్రాణానికే ముప్పు. ఈ మాట అక్కడి డాక్టరమ్మ నా భార్యకూ మా అత్తమ్మకూ చెప్పారు. నాకు చెప్పలేదు. నేను గుమ్మం బయట ఉన్నాను.

కొన్నాళ్లకు పాపకు కంగారూ పద్ధతి మొదలుపెట్టమన్నారు. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటా మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా ఆనించి, పైన గుడ్డతో కట్టేయడం. 1978 ప్రాంతంలో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టారు. ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, తల్లి ఒంటి వేడినే వాడుకున్నారు. ఎంత ఎక్కువసేపు ఉంచితే అంత మంచిది, ఒకసారి పెడితే కనీసం గంట తీయకూడదు. రోజుకు ఎనిమిది గంటలైనా ఉండాలి, ఇరవై గంటలైనా ఎక్కువ కాదు.

కాన్పు అయిన మనిషి, రక్తం తక్కువ, రెండు గంటలకోసారి పాలు పిండాలి, పైగా అన్ని గంటలు ఛాతీ మీద బిడ్డ. మా అత్తమ్మ సాయం పట్టేది కానీ ఆమెకు ఆయాసం, ఎక్కువసేపు వెనక్కి వాలి కూర్చోలేదు. మూడో రోజుకే నా భార్య కళ్లు పీక్కుపోయాయి. కిటికీ దగ్గరికి వచ్చి నాతో అన్న మాట, "నాకు ఇంకేం వద్దు, రెండు గంటలు నిద్ర కావాలి."

నేను చేస్తానన్నాను. వార్డు దగ్గర కాపలా ఉన్నతను ఆపేశాడు. "ఆత్ ఫక్త్ బాయకా." లోపలికి ఆడవాళ్లే. ఎవరిని అడిగినా అదే జవాబు. తల్లి కాకపోతే అమ్మమ్మ, నానమ్మ, పెద్దమ్మ ఎవరైనా రావచ్చు కానీ తండ్రి రాకూడదు. నా బిడ్డ బరువు పెరగడం లేదు, నా భార్య నిలబడలేకపోతోంది, నేను ఖాళీ చేతులతో మెట్ల మీద కూర్చున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అయితే వాళ్ల వైపు కారణం కూడా ఉంది. ఆ గదిలో ఆరేడుగురు తల్లులు రవికెలు విప్పి కూర్చుంటారు. పరాయి మగవాడు నడిచి వస్తే వాళ్లకు ఎంత ఇబ్బంది! అది కాదనలేం. కానీ దానికి మందు ఒక తెర, ఒక కుర్చీ. తండ్రిని గేటు బయట నిలబెట్టడం కాదు. చివరికి ఒక సిస్టర్ పూనుకుని, మందుల గది పక్కన తెర కట్టించి, పడక కుర్చీ వేయించింది. గోళ్లు కత్తిరించుకుని, స్నానం చేసి, ముందు గుండీలున్న చొక్కా వేసుకుని రమ్మంది.

ఎలా పెట్టాలో ఆమె చూపించింది. మగవాళ్ల కోసం ఇది కాస్త వివరంగానే చెప్తాను. కుర్చీలో పూర్తిగా పడుకోకూడదు, నిటారుగా కూర్చోకూడదు, వెనక్కి వాలాలి. బిడ్డ ఛాతీ మన ఛాతీకి ఆనాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కిందికి వంగిపోకుండా కాస్త పైకి ఉంచాలి. మెడ వంగితే ఊపిరి ఆడదు, అన్నిటికంటే ముఖ్యం ఇదే. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి పక్కలకు, చేతులు కూడా మడిచి. తర్వాత మెత్తటి పాత నూలు చీర మడత పెట్టి బిడ్డ చెవి కింది దాకా వచ్చేలా చుట్టి కట్టాలి. బిగుతు ఎంతంటే, మనం లేచి నిలబడినా జారకూడదు, బిడ్డ పొట్ట కదలడానికి మాత్రం చోటు ఉండాలి. ఛాతీ మీద వెంట్రుకలున్నా ఫరవాలేదు. సెంటు, పౌడరు వద్దు. జలుబు, దగ్గు, చర్మం మీద పుండ్లు ఉంటే ఆ రోజు మానేయాలి.

మొదట పాప గిలగిల కొట్టుకుంది. వేలితో నా చర్మాన్ని గీరింది. ఆ గోరు బియ్యపుగింజ మొనంత కూడా లేదు. తర్వాత ఒక పెద్ద శ్వాస తీసుకుని నిద్రపోయింది. నేను నోటితో కూడా ఊపిరి తీయకుండా, దాని వీపు లేచి దిగడమే చూస్తూ కూర్చున్నాను. సిస్టర్ వచ్చి చంకలో థర్మామీటర్ పెట్టింది. 36.8. నా భార్య తెర అవతల మంచం మీద గురక పెట్టి నిద్రపోతోంది. ఆ రెండూ ఒకే గంటలో జరిగాయి. నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

రుజువు కావాలన్నవాళ్లకు లెక్కలూ ఉన్నాయి. భారత్‌తో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. ఒక కిలో నుంచి 1.8 కిలోల మధ్య పుట్టిన పిల్లల్ని పుట్టిన వెంటనే కంగారూ పద్ధతిలో పెడితే, బిడ్డ కుదుటపడేదాకా ఆగి పెట్టడం కంటే చావులు 25 శాతం తగ్గాయి. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వెంటనే మొదలుపెట్టమనే చెప్పింది. తల్లికి కుదరనప్పుడు ఇంట్లో మరొకరు పెట్టుకోవచ్చు. ఆ మరొకరు ఆడమనిషే కావాలన్న షరతు ఎక్కడా లేదు.

పాలు పట్టడంలో మాకు ఊహించని సాయం మా అవ్వ దగ్గర నుంచి వచ్చింది. ముప్పై మూడు వారాల బిడ్డకు పీల్చి, మింగి, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి రావు. అందుకని పిండిన పాలను ముక్కు ఉన్న చిన్న గిన్నెతో పెదవి పక్కన ఆనించి కొద్దికొద్దిగా పోస్తారు. ఆసుపత్రిలో పాలడై అంటున్నారు. చూడగానే నాకు తెలిసిపోయింది, మా ఇంట్లో అటక మీద ఉన్న ఉగ్గుగిన్నె అదే. అవ్వకు ఫోన్ చేస్తే, ఆ వెండి గిన్నెను చింతపండుతో తోమి బస్సులో పంపింది. సిస్టర్ దాన్ని ఇరవై నిమిషాలు నీళ్లలో మరిగించి వాడుకోమంది. సీసా వద్దు, పాలపీక వద్దు అని ఆసుపత్రివాళ్లు గోడల మీద రాసుకున్నది మన ముసలమ్మలు ఎప్పుడో చేసి ఉన్నారు. అయితే అవ్వ ఆ గిన్నెతో పోయాలనుకున్నది ఆముదం. అక్కడే మాకు చిక్కు వచ్చింది.

బరువు పెరగడం మొదలయ్యాక ఇంటికి పంపారు. ఆ దారి మరిచిపోలేను. ఆలాపల్లి దాటాక అడవి, గుంతలు, మధ్యలో జోరు వాన. అంబులెన్సులో పాపను ఒళ్లో పడుకోబెడితే ప్రతి గుంతకూ తల ఊగుతుంది. అందుకని నేను ఛాతీకి కట్టుకుని కూర్చున్నాను, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి పాప మెడ కింద. నా భార్య పక్కన పడుకుంది. డ్రైవరు మధ్యమధ్య అద్దంలో చూస్తూ, "భావూ, బిడ్డ ఊపిరి చూస్తుండండి" అంటూనే ఉన్నాడు. అతను మాడియా, తెలుగు మరాఠీ రెండూ కలిపి మాట్లాడతాడు. ఊరు చేరాక అతనే అన్నాడు, ఇన్నేళ్లలో మగమనిషి ఇలా బిడ్డను కట్టుకుని తేవడం తన బండిలో ఇదే మొదలని.

ఇంట్లో అసలు పని మొదలైంది. అత్తమ్మ మాతోనే వచ్చింది. అవ్వ వాకిట్లో హారతి ఇచ్చి, దిష్టి తీసి, పాపను చేతుల్లోకి తీసుకోబోయి, నా చొక్కాలోంచి తల మాత్రం కనిపించేసరికి ఆగిపోయింది.

"గదేంది కొడుకా? మొగపోరడివి, పురుడు వెళ్లలే, గట్ల పొట్టకు కట్టుకుంటవా? నలుగురు చూస్తే ఏమంటరు?"

అత్తమ్మకూ ఇష్టం లేదు. వాళ్లలోనూ పుట్టిన మైల ఉంది. ఐదో రాత్రి సటవాయి దేవి వచ్చి బిడ్డ నుదుట రాత రాస్తుందని వాళ్ల నమ్మకం. పాప వార్డులో ఉండగానే ఆ రాత్రి ఇంటి దగ్గర కాగితం, కలం పెట్టి పూజ చేయించిందట. మన దగ్గర ఇరవై ఒకటో రోజు పురుడు, వాళ్లకు పన్నెండో రోజు బారసాల. ఏది ముందు చేయాలని వియ్యపురాళ్ల మధ్య వాదన. పాప రెండు కిలోలు దాటేదాకా ఏదీ వద్దని, జనం రావద్దని నేనూ నా భార్యా చెప్పేశాం.

ఇక్కడ ఒక మాట. మైల పట్టింపును నేను పూర్తిగా తీసిపారేయను. బాలింత గదిలోకి ఎవరూ రావద్దు, బాలింత వంటింట్లోకి పోవద్దు, పొయ్యి ముట్టొద్దు అన్నదాని వల్ల నా భార్యకు విశ్రాంతి దొరికింది, పాపకు చుట్టాల దగ్గులు, ముద్దులు తగల్లేదు. నెలలు తక్కువ బిడ్డకు డాక్టర్లు చెప్పేది కూడా ఇదే కదా. దాన్ని అలాగే ఉంచాలి. కానీ అదే మాట పట్టుకుని తండ్రిని బయట ఉంచితే, బిడ్డ పని ముప్పొద్దులా తల్లి మీదే పడుతుంది. ఇక అడవి ఊళ్లలో కుర్మా ఘర్ సంగతి వేరు. నెలసరి వచ్చిన ఆడవాళ్లను ఊరి చివర గుడిసెలో ఉంచుతారు. అందులో విశ్రాంతి ఉందని సమర్థించేవాళ్లు ఉన్నారు. వానలో కారే గుడిసెలో, పాము పుట్ర మధ్య, జబ్బు చేస్తే పలకరించే దిక్కు లేకుండా పడుకోవడం విశ్రాంతి కాదు. ఆశా తాయి చిన్నప్పుడు అందులో ఉన్న మనిషే. ఆ మాట ఎత్తితే ఆమె గొంతు మారిపోతుంది.

ఇంటికి వచ్చిన రెండో పూటే స్నానం గొడవ. బిడ్డకు నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి, మరిగిన నీళ్లు పోయకపోతే ఎముక గట్టిపడదని అవ్వ. నూనె మర్దన చేసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి కాపాలని అత్తమ్మ. ఇద్దరూ ఒక్కటైపోయారు. నేను షాపుకు వెళ్లొచ్చేసరికి నీళ్లు పోయడం అయిపోయింది. సాంబ్రాణి పొగ గది నిండా ఉంది. పాప బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి, అందుకే వాళ్లకు అనుమానం రాలేదు. సరిగ్గా అప్పుడే ఆశా తాయి వచ్చింది. థర్మామీటర్ తీయకముందే తన చేతి వెనక భాగాన్ని పాప పొట్టకు ఆనించింది, తర్వాత అరికాలికి. మా అవ్వ చెయ్యి పట్టుకుని అలాగే చేయించింది. పొట్ట వెచ్చగా ఉంది, పాదం చల్లగా ఉంది. "పొట్ట వేడి, పాదం సల్ల అంటే సలి మొదలైనట్టు అవ్వా. రెండూ సల్లపడ్తే దవాఖానకే" అంది. అవ్వ తన చేతిని ఇంకోసారి పాప పాదం మీద పెట్టి చూసుకుంది. చెయ్యి తీయలేదు.

వెంటనే పాపను నా ఛాతీకి కట్టారు. ఆశా తాయి ఎదురుగా కూర్చుంది. గంట తర్వాత అవ్వే పాదం పట్టుకుని చూసింది. వెచ్చబడింది. అప్పటి నుంచి నీళ్లు పోసే మాట రాలేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవడం, వెంటనే ఆరబెట్టడం, అంతే. మర్దన మాత్రం పూర్తిగా మానేయలేదు. పాప రెండు కిలోలు దాటాక ఆశా తాయి సరేనంది. తలుపులు వేసి, కొబ్బరినూనె చేతిలో వెచ్చచేసుకుని, అత్తమ్మ మెల్లగా రాసేది. ఆమె చెయ్యి చాలా మంచిది. పాపకు హాయిగా ఉండేది.

ఆశా తాయి వస్తూ పోవడం వెనక మా జిల్లా కథ ఒకటుంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలి వచ్చి సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ఊళ్లో ఆడవాళ్లకే తర్ఫీదు ఇచ్చి, అప్పుడే పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్లి చూసే పద్ధతి మొదలుపెట్టారు. తూకం వేయడం, వెచ్చగా ఉంచడం, జబ్బు గుర్తులు పట్టడం, మందు ఇవ్వడం. 39 ఊళ్లలో చేసిన ఆ పని వల్ల పసిగుడ్డుల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇవాళ దేశమంతా ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి వస్తున్నారంటే దాని వేళ్లు ఇక్కడే ఉన్నాయి. మన ఇంటికి వచ్చే ఆశా చేతిలోని తక్కెడను చూసి "గదేం తూకం, కూరగాయలా" అనేవాళ్లకు ఇది తెలియాలి.

తిండి గొడవ ఇంకా పెద్దది. అవ్వ లెక్కలో బాలింతకు పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల చారు. పప్పు వాతం. పెరుగు చలవ. గుమ్మడి, వంకాయ, అరటిపండు పేరెత్తకూడదు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుంది. అత్తమ్మ లెక్కలో డింక్ (తినే బంక) లడ్డూలు, మెంతి లడ్డూలు, అళీవ్ గింజల పాయసం, నెయ్యి వేసిన జొన్నరొట్టె, సోయకూర. ఒకరు తీసేయడం గురించి మాట్లాడితే ఇంకొకరు పెట్టడం గురించి మాట్లాడతారు. తినే మనిషి ఒక్కతే. ఈ విషయంలో నేను అత్తమ్మ వైపు నిలబడ్డాను, అవ్వకు కోపం వచ్చినా సరే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రక్తం తక్కువ ఉన్న మనిషికి పప్పు, ఆకుకూర, గుడ్డు, నీళ్లు తగ్గించి పాలు రావాలంటే ఎక్కడి నుంచి వస్తాయి? ఎల్లిపాయ కారం అలాగే ఉంచుకున్నాం, దానితో ముద్ద ఎక్కువ దిగేది. పక్కన పప్పు చేర్చాం. ఆ పప్పు వండింది నేను. ఎందుకంటే అవ్వ తన చేత్తో బాలింతకు పప్పు పెట్టనంది. వండనని అన్నదే కానీ నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపలేదు.

వసకొమ్ము దగ్గర ఒక వింత జరిగింది. మాట స్పష్టంగా రావాలని అవ్వ వస అరగదీస్తానంది. కడుపునొప్పి రాకుండా అత్తమ్మ బాళ్‌గుటీ తెచ్చింది. జాజికాయ, పసుపుకొమ్ము, కరక్కాయ వగైరా సాన మీద అరగదీసి తాగించేది. ఆ మూటలోనూ వసకొమ్మే ఉంది. ఇన్నాళ్లూ వాదించుకున్న ఇద్దరూ ఒకే సాన ముందు కూర్చున్నారు. పాడు చేయాలనిపించలేదు కానీ ఒప్పుకోలేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కల మందులు తప్ప నోట్లోకి చుక్క నీళ్లు కూడా పోకూడదు. తేనె ఏడాది దాకా వద్దు. కాటుక కంట్లో వద్దంటే అవ్వ అరికాలికి దిష్టి చుక్క పెట్టింది. దానికేం అభ్యంతరం లేదు.

రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నా వంతు. నా భార్య పాలు పిండి గిన్నెలో మూతపెట్టి పడుకునేది. వానాకాలం మా ఊళ్లో కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో తెలియదు. వార్మర్ ఉన్నా లాభం లేదు. ఛాతీకి కరెంటు అక్కర్లేదు కదా. చీకట్లో పాప వీపు మీద చెయ్యేసి ఊపిరి చూసుకుంటూ కూర్చునేవాణ్ని. ఊపిరి మధ్య ఎక్కువసేపు ఆగినా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగకపోయినా, ఛాతీ కింద గుంట పడేలా లాగుతున్నా వెంటనే ఆసుపత్రికే అని ఆశా తాయి గోడ మీద బొగ్గుతో తెలుగులో రాయించింది. ఆ రాత నా చేతిదే.

ఊళ్లో మాటలు వచ్చాయి. షాపు మూసి పెళ్లాం గదిలో కూర్చున్నాడన్నారు. మా మేనమామ వరసాయన ఒకరు ఖర్రా (పొగాకు, వక్క కలిపినది) నలుపుకుంటూ వచ్చి, "ఆడపిల్లే గదరా, ఇంత కష్టమెందుకు" అన్నాడు. ఖర్రా చేతులతో గుమ్మం దాటొద్దని ముందు చెప్పాను. ఆడపిల్ల మాటకు జవాబు మా అవ్వ చెప్పింది. "నేను ఆడపిల్లనే. నువ్వు ఆడదాని కడుపులనే పుట్టినవ్. లే, పో." నా పని మీద ఆమెకున్న అనుమానం అప్పటికీ పోలేదు, అయినా మనవరాలి మీద మాట పడనివ్వలేదు.

అవ్వ పూర్తిగా మారిందని చెప్పలేను. బాలింత పప్పు తినకూడదని ఇప్పటికీ అంటుంది. కానీ వాడలో ఎవరింట్లో చిన్న బిడ్డ పుట్టినా వెళ్లి ముందు పాదం పట్టుకుని చూస్తుంది. సల్లగా ఉంటే ఆ ఇంటి మగవాణ్ని పిలిచి, మా ఇంటికి పొమ్మంటుంది. అలా వచ్చినవాళ్లు ఉన్నారు. మొదట సిగ్గుపడతారు. చొక్కా విప్పమంటే చుట్టూ చూస్తారు. గుడ్డ కట్టడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మెడ సంగతి మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాలి.

మా పాపకు ఇప్పుడు పళ్లు వచ్చాయి. మా తమ్ముడి భార్యకు ఏడో నెల నడుస్తోంది. ఆమెది ఏటవతల వాగుల మధ్య ఊరు, వానలు పడితే దారి తెగిపోతుంది. పుట్టింటికి పంపాలని అవ్వ. తేదీ దగ్గరపడ్డాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పక్కనే ఉండేలా మాహేర్ ఘర్‌లో చేర్పిద్దామని నేను. గిరిజన ప్రాంతాల్లో కాన్పుకు ముందే వచ్చి ఉండటానికి సర్కారు పెట్టిన ఇళ్లు అవి, తోడు ఒకరు ఉండొచ్చు. ఆ తోడు ఎవరన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. తమ్ముడికి మాత్రం చెప్పాల్సింది చెప్పాను. నీ భార్య హిమోగ్లోబిన్ ఎంతో కాగితం మీద రాసి పెట్టుకో, రక్తం గ్రూపు తెలుసుకో, 102 నంబరు ఫోన్లో పెట్టుకో, ముందు గుండీలున్న రెండు చొక్కాలు, అవ్వ పాత నూలు చీర ఒకటి సంచిలో వెయ్యి. ఉగ్గుగిన్నె మా దగ్గర ఉంది, వచ్చేటప్పుడు నేను తెస్తాను.